ఎగిరి పట్టినవాడు

హరికృష్ణ ఆడిన ఆటకి అసలు పేరేమిటో పెద్దిరాజుకి చివరిదాకా నోరు తిరగలేదు. "ఆస్ట్రేలియావోళ్ల బంతాట" అనేవాడు. మొదట్లో అతనికీ ఆ ఆట ముద్దుగానే ఉండేది.

హరికృష్ణ అతని అన్న కూతురు సుమలత మొగుడు. బారువ ఒడ్డున పడవల మధ్య పుట్టి పెరిగినా వేటకంటే వాలీబాల్ మీదే మనసెక్కువ. నెట్ దగ్గర లేచాడంటే అవతలివాళ్లకి వాడి నడుం దాకా కనిపించేదని ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెప్పుకునేవారు. ఆట కూడు పెట్టదు కదా! పెద్దిరాజే ఏజెంటుతో మాట్లాడి, పరాయి దేశంలో తను పనిచేసే తువాస్ షిప్‌యార్డుకి తెచ్చుకున్నాడు. డార్మిటరీలో తన పక్క మంచమే ఇప్పించాడు. బరువులు కట్టడం నేర్పాడు. వెంటపడి చదివించి సిగ్నల్‌మ్యాన్ పరీక్ష గట్టెక్కించాడు.

సిగ్నల్‌మ్యాన్ అంటే క్రేనుకి కళ్లు. పైన గాజు గదిలో కూర్చుని క్రేను నడిపే రఫీక్‌కి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనపడదు. డెక్కు అంచున నిలబడ్డ హరికృష్ణ చేతినే చూస్తాడు. వేలు కిందికి తిప్పితే దించుతాడు, పిడికిలి బిగిస్తే ఆపుతాడు. రేడియోలున్నా ఆఖరి జానెడు దూరం చేతి సైగతోనే. కింద, ఆ వేలాడే ఇనుము పక్కన, దాన్ని అటూ ఇటూ ఊగకుండా తాడుతో పట్టుకుని నిలబడే మనిషి పెద్దిరాజు. "నా ప్రాణం మా అల్లుడి గుప్పిట్లో ఉన్నాది" అని నవ్వుతూ అందరికీ చెప్పుకునేవాడు.

గ్రెగ్ అని ఒక ఆస్ట్రేలియా ఇంజినీరు, మరమ్మతుకొచ్చే ఓడల వాళ్ల తరపున పని చూసుకోవడానికి యార్డుకి వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ క్యాంటీను వెనక కుర్రాళ్లు వాలీబాల్ తడుతుంటే అటుగా పోతూ ఆగాడు. హరికృష్ణ ఎగరడం చూశాడు. ఇంకోసారి ఎగరమన్నాడు. మర్నాడు సంచిలోంచి ఒక ఎర్ర తోలు బంతి తీశాడు. ఒలిచిన కొబ్బరికాయలా రెండు చివర్లా కోసుగా ఉంది.

"ఇదేటి మావా, నేల మీద పడితే ఎటెళ్తాదో దానికే తెలవదు!" అని హరికృష్ణ పకపకా నవ్వాడు.

తెలుగు రాకపోయినా ఆ నవ్వుకి కారణం గ్రెగ్‌కి అర్థమైంది. "అందుకే కింద పడనివ్వకూడదు," అన్నాడు ఇంగ్లీషులో. "ఆటంతా అందులోనే ఉంది."

ఆ ఆదివారమే తన కారులో ఇద్దర్నీ తీసుకుపోయాడు. పెద్ద పచ్చిక మైదానం. రెండు పక్కలా నాలుగేసి స్తంభాలు. బ్యాంకుల్లో, స్కూళ్లలో పనిచేసే తెల్లవాళ్లు మోకాళ్లకి పట్టీలు వేసుకుని పరిగెడుతున్నారు. జట్టుకి మనుషులు చాలక ఆ క్లబ్బు ఎవరొస్తారా అని చూస్తోంది. ఆ ఆటలో బంతిని కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు, చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. అన్నిటికంటే ముఖ్యం పట్టు. దూరం నుంచి తన్నిన బంతి నేల తాకేలోపు అందుకుంటే ఇక నిన్నెవడూ ముట్టుకోకూడదు, తీరిగ్గా స్తంభాల మధ్యకి తన్నుకోవచ్చు. ఆ పట్టు కోసం ఎదుటివాడి వీపున మోకాలు ఆనించి, భుజాల మీదికెక్కి ఎగిరినా తప్పు లేదు.

నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేవాడు హరికృష్ణ. ఆరడుగుల మనుషుల తలల మీద, చేతులు చాపి, ఒక్క క్షణం గాలిలో ఆగిపోయినట్టుండేవాడు. రెండో సీజనుకల్లా అతను లేకుండా జట్టు లేదు. వాళ్లు "హ్యారీ" అనేవారు. ఆ ఆట ఆడిన తెలుగువాడు ఇక్కడ అంతకుముందు ఎవరూ లేరని తెలిసి, బుకిట్ బటోక్, చోవా చూ కాంగ్ పేటల నుంచి సాఫ్ట్‌వేరు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని రావడం మొదలెట్టాయి. "అంకుల్, సో హై లా!" అని అక్కడి యాసలో అంటూ ఒక పాప అతని జెర్సీ పట్టుకుని వదల్లేదు. ఉగాదికి పిలిచి శాలువా కప్పారు. యార్డులో ఒక పేరూ లేని మనిషికి ఆదివారం సాయంత్రం ఒక పేరుండేది. ఆ పేరు రుచి మరిగాడు హరికృష్ణ.

పెద్దిరాజు మాత్రం ఎంత చప్పట్లు కొట్టినా ఒకటి గమనించేవాడు. పైకి లేచినవాడు బంతినే చూస్తాడు. కింద ఏముందో చూసుకోడు. బరువులు దించే చోట ఏళ్ల తరబడి బతికిన పెద్దిరాజు కన్ను ఎప్పుడూ నేల మీదికే పోయేది.

మొదటి దెబ్బ మూడో సీజను మొదట్లో తగిలింది. దిగుతుంటే ఎవరిదో మోకాలు కణతకి తాకింది. కాసేపు కూర్చుని లేచాడు. నవ్వాడు. క్లబ్బులో ఫిజియో ఒకామె ఉండేది. తలకి దెబ్బ తగిలితే కొన్నాళ్లు ఆడనివ్వదు. ఆ తరవాత ఒంటికాలి మీద నిలబడమనీ, నెలల పేర్లు వెనక నుంచి చెప్పమనీ పరీక్ష పెట్టి గాని వదలదు. అది నెగ్గాడు. రెండు నెలలకి రెండో దెబ్బ. ఈసారి నెలల దగ్గర తడబడ్డాడు. ఆగస్టు తరవాత జూన్ అన్నాడు. ఇంకో వారం ఆపేసింది.

"ఇంగ్లీషు కదా మావా, నోరు తిరగలేదంతే," అన్నాడు డార్మిటరీకొచ్చాక. "నువ్వు అడుగు, నేను అప్పజెప్తాను."

పెద్దిరాజు అడిగాడు. స్నానాల దగ్గర లైనులో నిలబడ్డప్పుడు, లారీలో పోతున్నప్పుడు, ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించాడు. డిసెంబర్, నవంబర్, అక్టోబర్... నాలుగు రోజుల్లో హరికృష్ణ ఊపిరి తీసుకోకుండా జనవరి దాకా వచ్చేశాడు. ఫిజియో వేలు పైకెత్తి మెచ్చుకుంది. పెద్దిరాజు కూడా సంతోషించాడు. ఆ పరీక్ష ఎందుకు పెడతారో అతనికప్పుడు తట్టలేదు.

తట్టేసరికి చాలా చూశాడు. హరికృష్ణ మంచం మీద వెలుతురు పడకుండా లుంగీ వేలాడదీసుకుంటున్నాడు. కూర గిన్నె మూత పడ్డ చప్పుడికి ఉలిక్కిపడి తోటివాడి మీద చెయ్యెత్తాడు. ఎడమ బూటు కుడికాలికి తొడిగి, ఎందుకు పట్టడం లేదో తెలియక దానికేసి చూస్తూ కూర్చున్నాడు. తలనొప్పి బిళ్లలు తలగడ కింద దాస్తున్నాడు. ఏమైనా అడిగితే ఒకటే మాట.

"ఏటీ లేదు మావా. ఫైనల్ దగ్గరకొచ్చింది. నువ్వలా సూడకు."

ఫైనల్‌కి వారం ముందు, పగలు పదకొండు వేళ, ఇంజిను గదిలోకి పైపుల కట్ట దింపుతున్నారు. కింద పెద్దిరాజు తాడు బిగబట్టి నిలబడ్డాడు. తలెత్తి చూస్తే చదరపు ఆకాశం, దాని అంచున హరికృష్ణ. చేతి వేలు కిందికి తిరుగుతోంది. కట్ట భుజం ఎత్తుకి వచ్చింది. ఇక పిడికిలి పడాలి. పడలేదు. వేలు తిరుగుతూనే ఉంది. హరికృష్ణ ముఖంలో కంగారు లేదు, నిద్రలో ఉన్నవాడి ముఖంలా ఉంది. "ఒరే హరీ!" అని అరిచి పెద్దిరాజు తాడు వదిలి పక్కకి దూకాడు. అతను నిలబడ్డ చోట ఇనప మెట్ల చట్రం అప్పడంలా నలిగిపోయింది.

సేఫ్టీ ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందన్నాడు.

"గాలి సార్," అన్నాడు హరికృష్ణ. "ఒక్కసారిగా కొట్టింది." అని పెద్దిరాజు వైపు చూశాడు.

ఆ రోజు జెండా గుడ్డ కూడా కదల్లేదు. నిజం చెబితే ఏమవుతుందో పెద్దిరాజుకి తెలుసు. సిగ్నల్ పని పోతుంది, పర్మిట్ పోతుంది, వాడు విమానం ఎక్కుతాడు. కూతుర్ని ఇచ్చిన అన్న ముఖం కళ్ల ముందు ఆడింది.

"అవును సార్," అన్నాడు. "గాలే."

ఆ సాయంత్రం సుమలత ఫోన్ చేసింది. మామూలుగా మొగుడికి చేసే పిల్ల, చిన్నాన్నకి చేసింది.

"చిన్నాన్నా, ఆయనకేటైంది?"

"ఏటైంది? బాగానే ఉన్నాడు గదా."

"నిన్న ఒక్క రోజే మూడుసార్లు ఫోన్ చేసినాడు. పాపకి చెవులు కుట్టించినావా అని. పోయిన నెలే గదా కుట్టించినాం! వీడియోలో సూసి ఏడ్చినాడు కూడా. మర్చిపోయినావేటి అంటే నన్ను నానా తిట్లు తిట్టినాడు. ఎన్నడూ ఒక్క మాట అనని మనిషి..."

"ఇక్కడ ఎండలు, తల్లీ. పని ఎక్కువ." ఆ మాట అంటుంటే తన గొంతు తనకే పరాయిగా వినిపించింది పెద్దిరాజుకి.

ఆ రాత్రంతా ఆలోచించి, మర్నాడు గ్రెగ్ ఓడ దిగుతుంటే ఎదురెళ్లాడు. జట్టు బాధ్యత కూడా అతనిదే. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడదీసుకుని, "సార్, హరి తల మంచిగా లేదు. ఆట వద్దు సార్," అన్నాడు.

గ్రెగ్ చెడ్డవాడు కాదు. అతని ముఖం మారింది. వెంటనే హరికృష్ణని పిలిపించి, అక్కడే నీడలో నిలబెట్టి అడిగాడు. ఏ రోజు? చెప్పాడు. ఏ ఓడ? చెప్పాడు. నెలలు వెనక నుంచి? డిసెంబర్, నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్... వాన కురిసినట్టు చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ గ్రెగ్ భుజం మీదుగా మావ కళ్లలోకే చూశాడు. ఒంటికాలి మీద కొయ్యలా నిలబడ్డాడు.

"మీ మావకి నువ్వంటే ప్రాణం, హ్యారీ," అని గ్రెగ్ ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దిరాజు భుజం తట్టి వెళ్లిపోయాడు.

నేనే నేర్పాను సార్, అనాలి. ఆ మాట పెద్దిరాజు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. గ్రెగ్ కనుమరుగయ్యాక హరికృష్ణ దగ్గరికొచ్చి, "ఇంకోపాలి ఇలాటి పని సెయ్యకు మావా," అన్నాడు మెల్లిగా.

ఫైనల్ రోజు ఆకాశం మసిబట్టినట్టుంది. ఎక్కడో ఉరుముతోంది గానీ వాన పడటం లేదు. ఇంత జనం ఎప్పుడూ రాలేదు. ఆట సగం దాటేదాకా హరికృష్ణ ఒక్క బంతీ పట్టలేదు. పరిగెడుతూ మధ్యలో ఆగి స్తంభాల వైపు చూసుకునేవాడు, తమ పక్క ఏదా అని వెతుక్కుంటున్నట్టు. చివరి పావులో జట్టు వెనకబడి ఉండగా అవతల నుంచి బంతి గాలిలోకి లేచింది. దాని కింద ముగ్గురు. వాళ్ల వెనక నుంచి హరికృష్ణ వచ్చాడు. ఒకడి నడుం మీద మోకాలు, ఇంకొకడి మెడ మీద చెయ్యి. లేచాడు. అతను అంత ఎత్తు ఎగరడం పెద్దిరాజు ఇంతకు ముందు చూడలేదు. బంతి రెండు అరచేతుల మధ్యా అతుక్కుపోయింది. జనం గొంతులు చించుకున్నారు. పెద్దిరాజు నేలకేసి చూశాడు.

హరికృష్ణ వీపు మీద పడ్డాడు. తల ఒక్కసారి పచ్చికకి కొట్టుకుని లేచింది. బంతి వదల్లేదు. లేచి నిలబడ్డాడు, నాలుగడుగులు వెనక్కి నడిచాడు, తన్నాడు. అది స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. జట్టు గెలిచింది.

మెడలో పతకం వేశారు. భుజాల మీద మోశారు. గోలంతా సద్దుమణిగాక హరికృష్ణ పెద్దిరాజు దగ్గరికి వచ్చి పక్కన కూర్చున్నాడు. బూట్ల తాళ్లు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

"మావా," అన్నాడు, "ఆట ఎప్పుడు మొదలవుద్ది?"

పక్కనున్నవాళ్లు జోకనుకుని నవ్వారు. పెద్దిరాజు నవ్వలేదు. అతని మెడలోని పతకాన్ని చేతిలోకి తీసుకుని చూపించాడు. హరికృష్ణ దాన్ని చూశాడు. మైదానం చూశాడు. ముఖంలో రక్తం దిగిపోయింది. అంతలోనే తెచ్చిపెట్టుకున్న నవ్వొకటి నవ్వాడు.

"తమాషాకన్నానులే."

"ఆస్పత్రికి పోదాం లే."

"తమాషా అన్నానా లేదా!" అని అరిచాడు. జనం తిరిగి చూశారు. ఇక కదల్చడం పెద్దిరాజు వల్ల కాలేదు.

తెల్లవారింది. లారీలో పక్కపక్కనే కూర్చున్నారు. యార్డులో పని మొదలయ్యే ముందు అందర్నీ వరసగా నిలబెట్టి ఆ రోజు పనులు చెబుతారు. ఆ వేళ జనరేటరు దింపాలి. సిగ్నల్ హరికృష్ణ. కింద పెద్దిరాజు, కొత్తగా వచ్చిన ఇద్దరు. ఆ ఇద్దరూ క్రేను వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారు. పెద్దిరాజు వాళ్లని చూశాడు. వరసలోంచి ముందుకొచ్చాడు.

"సార్, ఇతని సిగ్నల్ కింద నేను నిలబడను. ఎవర్నీ నిలబడనియ్యను. ఆ రోజు గాలి లేదు సార్. నేను అబద్ధం చెప్పాను."

హరికృష్ణ వరస చీల్చుకుని వచ్చాడు. సొంత అల్లుడు కొడతాడని పెద్దిరాజుకి అర్థమైంది. కదలకుండా నిలబడ్డాడు. కానీ దెబ్బ పడలేదు. హరికృష్ణ కుడిచెయ్యి నడుం దాకా లేచి, అక్కడ ఆగి, మెల్లిగా కిందికి జారిపోయింది. మళ్లీ ఎత్తబోయాడు. మళ్లీ జారింది. ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. అక్కడున్నవాళ్లంతా చూశారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వంగి, "నీ పేరేమిటి?" అని అడిగింది.

"డిసెంబర్," అన్నాడు హరికృష్ణ. "నవంబర్, అక్టోబర్, సెప్టెంబర్..."

పెద్దిరాజు గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

పుర్రె కింద నెత్తురు కొద్దికొద్దిగా ఊరి, మెదడుని ఒక పక్కకి నొక్కేస్తోందట. అది నిన్నటిదే కాదు, వారాల నాటిది కూడా ఉందన్నారు. ఇంకొక్క రోజు ఆగితే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. పుర్రెకి రంధ్రాలు పెట్టి నెత్తురు తీశారు. గ్రెగ్ రోజూ వచ్చేవాడు. పెద్దిరాజు నెలల పేర్లు తనే బట్టీ పట్టించిన సంగతి దాచకుండా చెప్పినప్పుడు, గ్రెగ్ "నువ్వు వచ్చి చెప్పావు. నేనే తేలిగ్గా నమ్మాను," అన్నాడు. ఆ తరవాత జట్టు చూడటం మానేశాడు.

హరికృష్ణ బతికాడు. చెయ్యి తిరిగొచ్చింది, మాట వచ్చింది, మనుషుల్ని గుర్తుపట్టాడు. అందర్నీ పలకరించాడు. పెద్దిరాజుతో మాత్రం మాట్లాడలేదు. అన్నం తినిపిస్తే తిన్నాడు. బట్టలు సర్దితే చూస్తూ కూర్చున్నాడు. విమానాశ్రయంలో దండం పెట్టమని ఎవరో గుర్తు చేస్తే, ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. మూర్ఛలు రావచ్చనీ, ఎత్తులెక్కకూడదనీ, నీళ్లలోకి దిగకూడదనీ డాక్టరమ్మ చెప్పినదంతా పెద్దిరాజే సుమలతకి ఫోన్‌లో చెప్పాడు.

"నువ్వు నోరు విప్పబట్టి మనిషి దక్కినాడు చిన్నాన్నా," అంది సుమలత. "ఆయనకి ఎప్పటికైనా తెలుస్తాది."

వానాకాలం వెళ్లాక హరికృష్ణ ఒకసారి సంతలో పడిపోయాడట. నోట నురగ వచ్చిందట. బిళ్లలు మార్చారట. ఆ తరవాత ఒక ఉదయం పెద్దిరాజు హెల్మెట్టు పెట్టుకుంటుండగా సుమలత ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"పడవ తోసుకుని పోతున్నాడు చిన్నాన్నా. ఒక్కడే. ఎవర్నీ ఎక్కనియ్యడం లేదు."

"ఫోన్ వాడికియ్యి."

అలల హోరు వినిపించింది. ఇంజను చప్పుడు. చాలాసేపటికి హరికృష్ణ గొంతు. విమానాశ్రయం తరవాత మావతో మాట్లాడటం అదే మొదలు.

"ఏటి మావా?"

"ఒరే అల్లుడూ, నీళ్ల మీద అది వచ్చిందంటే ఎవడు పట్టుకుంటాడురా నిన్ను?"

"అందుకే ఒక్కణ్నే పోతున్నాను." కోపం లేదు ఆ గొంతులో. అదే భయమేసింది. "నా సెయ్యి సూసుకుని నీళ్ల మీదెవడూ నిలబడడు. ఇంట్లో కూకుని, ఆడు అంత ఎత్తు ఎగిరేవోడంట అని జనం చెప్పుకుంటే వినలేను మావా. ఫోన్ పెట్టీ."

పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం పడవ తిరిగొచ్చిందని కబురొచ్చేదాకా పెద్దిరాజు చేతిలో తాడు నిలవలేదు. సాయంత్రం అన్నకి ఫోన్ చేశాడు. పడవ అన్నదే.

"ఇంజను విప్పీ అన్నయ్యా."

"విప్పొచ్చు," అన్నాడు అన్న. "విప్పితే తెడ్డేసుకుని పోతాడు. తెడ్డు దాస్తే ఈదుకుంటా పోతాడు. ఆడి కళ్లు నువ్వు సూడలేదు."

పెద్దిరాజు సెలవు అడిగాడు. మళ్లీ నెల చివరికి గాని కుదరదన్నారు. టికెట్ తీసుకుని ఉంచాడు. హరికృష్ణ రోజూ వేటకి పోతున్నాడు. అతను ఒడ్డుకి చేరగానే సుమలత ఫోన్ చేస్తుంది. అన్నాల వేళ అందరూ డబ్బాలు విప్పుకుంటారు. పెద్దిరాజు మాత్రం క్యాంటీను వెనక, ఎండలో, ఫోన్ పట్టుకుని నిలబడతాడు.